లంగరు లేని నిలకడ: గ్లోమర్ చాలెంజర్ నౌకలో స్థాననిర్ధారణ

సముద్ర పరిశోధన చరిత్రలు ఓడ ఎక్కడికి వెళ్ళిందో, ఏమి తెచ్చిందో చెబుతాయి. అక్కడ ఎలా నిలిచిందన్నది అరుదుగా ప్రస్తావిస్తాయి. ఓడ నిలవడమంటే లంగరు వేయడమేనని మన వాడుక. వేల మీటర్ల లోతున ఆ మార్గం దాదాపు మూసుకుపోతుంది. పైగా అడుగున రంధ్రం వేస్తున్న ఓడ గాలికీ ప్రవాహానికీ ఎక్కువగా పక్కకు జరిగితే గొట్టం వంగి విరుగుతుంది.

ఈ చిక్కుకు తొలి సమాధానం 1961లో మెక్సికోకు చెందిన గ్వాడలూపే దీవి సమీపంలో దొరికింది. మోహోల్ పథకం కింద కస్-1 అనే ఓడ 3,500 మీటర్లకు పైబడిన లోతులో, సముద్రగర్భంలోకి 183 మీటర్ల వరకు తవ్వింది. చుట్టూ నిలిపిన తేలుబుంగలను రాడార్, సోనార్‌లతో గమనిస్తూ, దిశ మార్చగల నాలుగు ఇంజిన్లను ఒక నావికుడు చేతిమీటతో నడిపాడు. నిలకడ అప్పటికింకా మనిషి నైపుణ్యమే. (నవలాకారుడు జాన్ స్టయిన్‌బెక్ ఆ ఓడలో ఉండి లైఫ్ పత్రికకు రాశాడు.)

1968లో పని మొదలుపెట్టిన గ్లోమర్ చాలెంజర్ ఈ బాధ్యతను కంప్యూటరుకు అప్పగించింది. ముందుగా ధ్వనిసంకేతాలు పంపే పరికరాన్ని అడుగుకు జారవిడిచేవారు. ఓడ అడుగుభాగంలో వేర్వేరు చోట్ల అమర్చిన హైడ్రోఫోన్లకు ఆ శబ్దం ఒకే క్షణాన చేరదు. ఆ కాలభేదాన్ని బట్టి ఓడ ఎటు జరిగిందో లెక్కగట్టి, కంప్యూటరు ప్రధాన చోదకాలకూ పక్కకు నెట్టే థ్రస్టర్లకూ ఆజ్ఞలిచ్చేది.

అయితే ఈ ధ్వని రంధ్రంతో ఓడకున్న సంబంధాన్ని మాత్రమే చెబుతుంది. ఆ రంధ్రం భూగోళంపై ఎక్కడుందో చెప్పదు. దానికి అమెరికా నౌకాదళపు ట్రాన్సిట్ ఉపగ్రహాలు కావాలి. ఉపగ్రహం నెత్తిమీదుగా సాగినప్పుడు డాప్లర్ మార్పును కొలిచి స్థానాన్ని గణించేవారు. మరో ఉపగ్రహం వచ్చేవరకు వేగం, దిశలను బట్టి అంచనాయే ఆధారం.

1968 డిసెంబరులో డకార్ నుంచి బయలుదేరిన మూడవ యాత్రలో ఈ రెండు వ్యవస్థల విలువ తేలింది. దక్షిణ అట్లాంటిక్‌లో మధ్య పర్వతశ్రేణి నుంచి దూరం పెరిగేకొద్దీ బసాల్టుపై పేరుకున్న తొలి అవక్షేపాల వయస్సు క్రమంగా పెరిగింది. సముద్రతల విస్తరణ సిద్ధాంతానికి ఇది బలమైన రుజువు. వయస్సును సూక్ష్మశిలాజాలు చెప్పాయి, ఆ ఘనత వాటికి దక్కింది కూడా. దూరాన్ని చెప్పినది మాత్రం స్థాననిర్ధారణ. కొద్ది కిలోమీటర్ల తేడా ఆ మొత్తం క్రమాన్ని చెరపదు. కానీ ముందే గుర్తించిన అయస్కాంత చారలపై రంధ్రాలు ఎక్కడ పడ్డాయో తెలియకపోతే వాటి వయస్సులను సరిపోల్చడం సాధ్యమయ్యేది కాదు.

2006లో కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల కోసం తవ్విన జాయిడిస్ రిజల్యూషన్ సైతం లంగరుతో కాక థ్రస్టర్లతోనే నిలిచింది.