ఫ్లయింగు క్లబ్బుల పూర్వకథ, మన పిల్లల ఎంపిక

1932 అక్టోబరు 15వ తేదీన కరాచీ నుండి టపా సంచులతో బయలుదేరిన విమానమును జె. ఆర్. డి. టాటా బొంబాయిలోని జూహూ మైదానమునకు చేర్చగా, అక్కడ నుండి ఆ టపాను నెవిల్ విన్సెంటు బళ్ళారి మీదుగా మద్రాసునకు కొనిపోయెను. దక్షిణదేశమున విమానపు టపాకు మజిలీ యైన తొలి పట్టణములలో బళ్ళారి యొకటి. నాడది మద్రాసు రాజధానిలోనిది. 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రమున చేరినది. అచ్చటి తెలుగు కుటుంబములు ఊరు కదలకయే రాష్ట్రము మారినవి. విమానపు మజిలీయు హైదరాబాదునకు మారినది. మా యింటి పెద్దలు ఈ రెండు మార్పులను గూర్చియు ఒకే విధముగా, కొంచెము నిష్ఠురముతో చెప్పెడివారు.

ఆ ముచ్చటను ఇప్పుడు తలచుకొనుటకు కారణము కలదు. మన కుటుంబములలోని బాలబాలికలు ఇంజనీరింగు, వైద్యములతోపాటు విమానచోదకత్వమును గూడ వృత్తిగా కోరుచున్నారు. బళ్ళారి పిల్లవాడు బెంగుళూరును, బరంపురము పిల్ల భువనేశ్వరమును, షోలాపురమువారు బొంబాయిని తలచుకొందురు. యానాము వారికి ఏ దిక్కున పోవుటయో మొదటి ప్రశ్న. క్రొత్త నగరమునకు పోయి ఏ క్లబ్బున చేరవలెనని అడిగినచో, చెప్పగల పెద్దలు మనలో అరుదు. ఒకప్పుడు మేము చెప్పితిమి. తప్పు చెప్పితిమి.

మా బంధువర్గములోని బాలు డొకనిని వెంటబెట్టుకొని మేమొక శిక్షణ సంస్థను చూడబోతిమి. భవనము చక్కగానున్నది. గోడ మీద ఆరు విమానముల చిత్రపటములున్నవి. కార్యాలయమువారు మర్యాదగా కాఫీ యిచ్చిరి. మేము బాగున్నదంటిమి. తండ్రి ఇల్లు తాకట్టుపెట్టి సొమ్మంతయు ఒక్కసారిగా కట్టెను. ఆరింటిలో ఎగురునవి రెండేయని నెల తిరుగక మునుపే తెలిసినది. పదునెనిమిది మాసములలో బాలునికి దక్కినవి 62 గంటలు. తక్కిన కాలమంతయు హ్యాంగరు నీడలో కూర్చుండి, తన పేరు పిలుతురేమోయని ఎదురుచూచెను. ఆ సంస్థ పేరు ఇచట అవసరము లేదు. తప్పులో సగము మాది. మేము గోడలను చూచితిమి గాని గంటలను అడుగలేదు. ఈ పశ్చాత్తాపముతోనే క్లబ్బుల పూర్వచరిత్రను కొంత తిరుగవేసితిమి.

మన దేశమున క్లబ్బుల కథ 1927లో ఏర్పడిన ఏరో క్లబ్బుతో ఆరంభమగును. 1928లో ఢిల్లీ, బొంబాయి క్లబ్బులు పుట్టినవి. జూహూ మైదానము తెరచినదియు ఆ యేడే. 1930 నాటికి మద్రాసునందును క్లబ్బు వెలసినది. ఇవి సంపన్నుల వినోదశాలలని సామాన్యముగా తలంతురు. అందు కొంత నిజమున్నను, కథ అంతటితో ముగియదు. క్లబ్బనగా కొందరు కలిసి పెట్టుకొన్న చందా, ఒకటి రెండు విమానములు, ఒక శిక్షకుడు, ఒక మెకానిక్కు, కొంత ప్రభుత్వ సహాయము. ఒక్కనికి అందని యంత్రమును పదిమంది పంచుకొని వాడుకొనుట దీనిలోని కిటుకు. నేడు గంటల లెక్కన విమానమును అద్దెకిచ్చు పద్ధతికి మూలమిదియే.

1929 ఫిబ్రవరి 10న ఏరో క్లబ్బు ఇచ్చిన మొదటి సంఖ్య లైసెన్సు టాటాకు లభించెను. బొంబాయి క్లబ్బున శిక్షకునితో నాలుగు గంటలకు లోపుగనే ఎగిరి, పిమ్మట ఒంటరిగా విమానము నడిపిన ఘనుడాయన. మరుసటి యేడు ఆగాఖాను ప్రకటించిన 500 పౌనుల బహుమానమునకై ఆయన కరాచీ నుండి ఇంగ్లండు దిక్కునకును, అస్పీ ఇంజనీరను నవయువకుడు ఇంగ్లండు నుండి ఇటువైపునకును ఎగిరిరి. ఈజిప్టునందలి అబూకీరున అస్పీ విమానము స్పార్కు ప్లగ్గు లేక నిలిచిపోయియుండగా, పోటీలో ప్రతిపక్షియైన టాటాయే తన వద్దనున్న ప్లగ్గు నిచ్చెను. బహుమానము అస్పీకి దక్కెను. ఆయనయే 1960లో భారత వైమానికదళమునకు అధిపతి యయ్యెను. ఈ కథను ఔదార్యమునకు దృష్టాంతముగా చెప్పుదురు. మాకు మాత్రము ఇందు ఇంకొకటి కనబడుచున్నది: ఎంత ప్రజ్ఞ యున్నను, ఒక చిన్న విడిభాగము లేనిచో విమానము నేలనే యుండును. మా బాలుని సంస్థలో నాలుగు విమానములు కదలకుండుటకు కారణము గూడ విడిభాగములే. నాటి అబూకీరున టాటా యుండెను. ఇచట ఎవ్వరును లేరు.

దక్షిణాదిన మద్రాసు క్లబ్బు, బెంగుళూరునందలి జక్కూరు ప్రభుత్వ శిక్షణశాల, ఈ రెంటి కథలును ఒక దంపతుల మూలమున ముడివడియున్నవి. మద్రాసు క్లబ్బున శిక్షకుడుగా నుండిన వి. సుందరం, మైసూరు ప్రభుత్వమువారు స్థాపించిన జక్కూరు శిక్షణశాలకు ప్రధానాధికారిగా పోయెను. ఆయన భార్య ఉషా సుందరం 1949లో అచట శిక్షణ ముగించిన తొలి మహిళ. 1950 దశకారంభమున ఆ దంపతులు మద్రాసు ప్రభుత్వము కొన్న డవ్ విమానమును ఇంగ్లండు నుండి 27 గంటలలో మన దేశమునకు తెచ్చిరి. జక్కూరు పేరు నిలిచినది భవనముల వలన గాదు. మంచి శిక్షకు డొకడు మద్రాసు నుండి అచటికి తరలి వచ్చుట వలన. ఏ సంస్థనైనను చూడబోవునప్పుడు, ముఖ్య శిక్షకుడు ఎన్ని యేండ్ల నుండి ఆచోటనే యున్నాడని మొదట అడుగవలెను. ఆరు నెలల కొక్కరు మారుచున్నచో కాఫీ త్రాగి వచ్చివేయుట మేలు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రేమ్ మాథుర్ కథ చెప్పదగినది. ఆమె పేరుపొందిన మహానగరమున గాక అలహాబాదు క్లబ్బున శిక్షణ పొంది 1947లో వాణిజ్య లైసెన్సు గడించెను. ఎనిమిది విమాన సంస్థలు స్త్రీ యను కారణముచే ఆమెను కాదనగా, హైదరాబాదునందలి డెక్కన్ ఎయిర్‌వేస్ వారు ఉద్యోగమిచ్చిరి. 1949లో జాతీయ విమాన పందెమున ఆమె గెలుపొందెను. చిన్న ఊరి క్లబ్బున నేర్చినది పెద్ద పందెమునకు చాలలేదని ఎవ్వరును అనజాలకపోయిరి. ఉత్కళమున బిజూ పట్నాయక్ గూడ అంతే. ఢిల్లీ క్లబ్బున నేర్చిన విద్యను కళింగ ఎయిర్‌లైన్సు రూపమున తన దేశమునకు తెచ్చుకొనెను. నేర్చినచోటు వేరు, బ్రతుకుచోటు వేరు. ఇది మనవంటి కుటుంబములకు క్రొత్తగా చెప్పవలసిన విషయము గాదు.

యంత్రముల మాట. తొలి క్లబ్బులందు జిప్సీ మాత్‌లు, పిమ్మట టైగర్ మాత్‌లు, గుడ్డ తొడుగుతో, తెరపి గదితో ఎగిరినవి. 1958లో తొలిసారి ఎగిరిన పుష్పక్ విమానమును బెంగుళూరు హిందూస్థాన్ సంస్థవారు ముఖ్యముగా క్లబ్బుల నిమిత్తమే చేసిరి. ప్రక్కప్రక్కన ఇద్దరు కూర్చుండు చిన్న విమానమది. మన దేశపు యంత్రము గనుక మరమ్మతు సులభము. నేడు హెచ్చుగా కనబడునవి సెస్నాలు. వాటి వంటి యంత్రములకు కావలసిన అవ్‌గ్యాసు పెట్రోలు చాలకాలము విదేశముల నుండియే వచ్చెడిది. 2022లో ఇండియన్ ఆయిల్ వారు స్వదేశమున దీనిని ఉత్పత్తి చేయ నారంభించిరి. పీపాలు రాక వారముల తరబడి ఎగురుట మానిన రోజులను పాత విద్యార్థులు ఇప్పటికిని చెప్పుకొందురు.

అన్నిటికంటె కఠినమైన విషయము నేల. 1928లో జూహూ బొంబాయికి వెలుపలి సముద్రతీరపు ఊరు. నగరము పెరిగి దానిని చుట్టుకొన్నది, ప్రక్కనే పెద్ద విమానాశ్రయము కిక్కిరిసినది. చివరకు బొంబాయి క్లబ్బువారు శిక్షణను సుమారు 320 కిలోమీటర్ల దూరమునందలి ధూళేకు తరలించుకొనిరి. బేగంపేటలో విద్యార్థి విమానములు ఒకే రన్‌వే మీద పెద్ద విమానములతో వంతులు పంచుకొనవలసివచ్చెడిది. 2008లో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు పోవువరకు ఆ యిబ్బంది తప్పలేదు. అదే యేడు బెంగుళూరు పెద్ద విమానాశ్రయము దేవనహళ్ళికి పోవుటతో, ఆ దారిలోని జక్కూరు నగరమునకును దానికిని నడుమ చిక్కుకొన్నది.

దీనివలన విద్యార్థికి కలుగు నష్టము పైకి కనబడదు. ఇంజను తిరుగ నారంభించినప్పటి నుండి గడియారము తిరుగును. గంట అద్దె ఆ గడియారము ననుసరించియే. పెద్ద విమానము దిగువరకు రన్‌వే చివర ఇరువది నిమిషములు నిలిచినను ఆ యిరువది నిమిషముల సొమ్ము విద్యార్థిదే. అందుచేత గంట ధర తక్కువగా నున్న నగరపు క్లబ్బు కంటె, ధర కొంచెము హెచ్చైనను ఆకాశము ఖాళీగా నున్న చిన్న ఊరు చౌక పడవచ్చును.

లెక్కలు చెప్పెదము. పదునారేండ్లకు విద్యార్థి లైసెన్సు, పదునేడింటికి ప్రైవేటు, పదునెనిమిదింటికి వాణిజ్య లైసెన్సు పొందవచ్చును. ప్రైవేటుకు 40 గంటలు, వాణిజ్యమునకు 200 గంటలు కావలెను. ఆ 200లో 100 గంటలు తానే అధిపతిగా నడుపవలెను. మొత్తము వ్యయము అర్ధకోటి రూపాయలను సమీపించుచున్నది. వ్రాతపరీక్షల ఉత్తీర్ణతకు గూడ కాలపరిమితి కలదు, అందుచే ఆలస్యము ధనమును మాత్రమే గాక చదువును గూడ హరించును. కావున సొమ్ము కట్టకమునుపే వైద్యపరీక్ష చేయించవలెను. కంటిలోనో చెవిలోనో లోపము తరువాత బయటపడినచో అంతయు వ్యర్థము. పౌర విమానయాన శాఖ అనుమతి పత్రమును కన్నులార చూడవలెను. సంస్థలకు శ్రేణులు నిర్ణయించుటను ఆ శాఖ 2025లో ఆరంభించినది, దానినిగూడ చూడవచ్చును. ఎన్ని విమానములున్నవని గాక, నేడు ఎగురగలవి ఎన్ని, వాటికి విద్యార్థులెందరు అని అడుగవలెను. అంతకంటె మేలైన ఉపాయము ఒకటున్నది. కార్యాలయము దాటి హ్యాంగరు నీడకు పోయి, అక్కడ కూర్చున్న పిల్లలను పోయిన నెల ఎన్ని గంటలు ఎగిరితిరని అడుగుట. ఆ నీడలో మా బాలుడు కూర్చుండుటకు మునుపు మరియొకడు కూర్చుండియేయుండును. మేము ఆ వైపు పోలేదు.

ఇదివరకే లైసెన్సు పొంది, ఉద్యోగరీత్యా ఊరు మారినవారి సంగతి వేరు. క్రొత్త క్లబ్బువారు తాళము చేతికీయరు, ముందు తమ శిక్షకునితో కొంతసేపు ఎగిరి చూపుమందురు. దీనిని అవమానముగా తలపరాదు. ఆ విధముగా అడుగని క్లబ్బునే శంకింపవలెను. అద్దెలో పెట్రోలు చేరియున్నదా, ప్రమాదము జరిగినచో భీమా ఎవరి పేరనున్నది అను రెండును వ్రాతపూర్వకముగా తీసికొనవలెను.

మా బాలుని కథ ముగింపునకు రాలేదు. మిగిలిన సొమ్ములో సగము పోగొట్టుకొని ఆ సంస్థను వదలి, ఒక చిన్న ఊరిలోని శిక్షణశాలలో చేరెను. అచట గంటల లెక్కన నెలనెలా కట్టుట. భవనము రేకుల షెడ్డు. కాఫీ బయటి బడ్డీలో త్రాగవలెను. విమానములు మూడు, మూడును ఎగురుచున్నవి. ఈ వ్యాసము వ్రాయునాటికి లాగుబుక్కులో 164 గంటలైనవి. 300 నాటికల్ మైళ్ళ దూరపు ఒంటరి ప్రయాణము మిగిలియున్నది. ఆ దారి బళ్ళారి మీదుగా పోవునట్లు వేసుకొనవచ్చునా యని వాని నాయనమ్మ అడుగుచున్నది. శిక్షకుడు పటము చూచి చెప్పెదననెను.