షౌక్ సరే, ఎహతియాత్ ఏది?

షంషాబాద్ పేరులో షమ్స్ ఉంది, అంటే సూర్యుడు. పైగా అమీరుల ‘షమ్స్-ఉల్-ఉమరా’ ఖితాబు మీదుగా ఊరికి ఆ పేరొచ్చిందని మా పెద్దలు చెప్పేవారు. ఆ సూర్యుడితో మనకు పని ఉంది, చివర్లో చెప్తాను.

2008 మార్చిలో విమానాలు బేగంపేట వదిలి ఇక్కడికొచ్చాక, మా గల్లీ కుర్రాళ్లు అడిగే సవాల్ ఒకటే: ‘భాయ్‌జాన్, ఇంట్లో విమానం కట్టుకుని ఎగరొచ్చా?’ ఎగరొచ్చు. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టాడు. ఆస్మాన్ కంటే ముందు దఫ్తర్లు దాటాల్సి వచ్చింది. ఇజాజత్ 2019లో దక్కింది. జనం ఆ కాగితాల జంజాటం గురించే మాట్లాడతారు. నాకు మాత్రం ఒక చిన్న పిడి ఎక్కువ ఖౌఫ్ పుట్టిస్తుంది.

అమెరికా గాయకుడు జాన్ డెన్వర్ ఒక లాంగ్-ఈజీ కొన్నాడు. బర్ట్ రూటన్ నక్షా అది: ముందు చిన్న రెక్క, వెనక ఇంజన్, తక్కువ బరువు, మంచి వేగం. పెట్రోలు ఒక టాంకు నుంచి ఇంకోదానికి మార్చే వాల్వు నక్షాలో పైలట్ కాళ్ల మధ్య ఉంటుంది. ఈ విమానం కట్టినవాడు దాన్ని ఎడమ భుజం వెనక పెట్టాడు. పెట్రోలు గొట్టం కాక్‌పిట్‌లోకి రాకూడదన్నది అతని నీయత్ అట. నీయత్ మంచిదే. కానీ ఆ పిడి అందాలంటే ఒళ్లంతా తిప్పాలి. తిప్పితే తెలియకుండానే కుడికాలు రడ్డర్‌ని నొక్కుతుంది.

1997 అక్టోబర్ 12. విమానం చేతికొచ్చి ఒక్క రోజు, అందులో ఎగిరింది సుమారు అరగంట. బయల్దేరేముందు మెకానిక్‌తో కలిసి పిడికి పట్టకారు తగిలించి చూశారు, లాభం లేకపోయింది. పెట్రోలు పోయిస్తావా అంటే వద్దన్నాడు. ఎంతుందో చూపే గాజులు వీపు వెనక, వాటి మీద గీతలు లేవు. మాంటెరే అఖాతంలో పడిపోయాడు. తజుర్బా తక్కువవాడు కాదు, 2,700 గంటలు ఎగిరినవాడు!

2012లో అమెరికా ప్రమాద విచారణ సంస్థ ఇంటివిమానాల మీద చేసిన ముతాలాలోనూ ఇదే తేలింది. 2011 ప్రమాదాల్లో సగానికి పైగా కట్టినవాడి చేతిలో కాదు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాడి చేతిలో జరిగాయి. కట్టినవాడికి ప్రతి బోల్టూ దోస్తు. కొన్నవాడికి అన్నీ అజ్నబీలే.

ఇక మన సూర్యుడు. షంషాబాద్ రన్‌వే సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల 40 డిగ్రీల ఎండలో ఇక్కడి హవా దాదాపు 1,700 మీటర్ల ఎత్తులో ఉన్నంత పలచనవుతుంది. మీటరులో అంకె అదే కనిపిస్తుంది, నేల మీద అసలు వేగం మాత్రం ఎనిమిది శాతం పైనే ఎక్కువ. పెద్ద విమానాలకు 4,260 మీటర్ల రన్‌వే ఉంది కాబట్టి ఫికర్ లేదు. చిన్న రెక్కలతో వేగంగా దిగే ఇంటివిమానం, చల్లటి సముద్రతీరపు లెక్కలు నమ్ముకుని ఒక చిన్న పట్టీ మీద వాలితే, బ్రేకు పట్టేలోపే పట్టీ అయిపోతుంది.