ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణంలో స్క్రిప్టింగ్ భాషలు

ఆపరేటింగ్ సిస్టమ్‌ను సోర్స్ కోడ్ నుంచి తయారుచేయడానికి సీ కంపైలర్ ఒక్కటే చాలదు. పట్టికలు లెక్కగట్టడానికి, అనువాదాలు చేర్చడానికి, ప్యాకేజీలు కట్టడానికి చిన్నచిన్న స్క్రిప్టులు నడవాలి. ఆ స్క్రిప్టుల భాష నిర్మాణం జరిగే కంప్యూటర్లో ముందే ఉండాలి. దీన్నే బిల్డ్ డిపెండెన్సీ అంటారు. వాడుకరికి ఇది ఎన్నడూ కనిపించదు.

యూనిక్స్ తొలినాళ్లలో ఇది సమస్యే కాదు. ఆక్ (1977), బోర్న్ షెల్ (1979) అనే స్క్రిప్టింగ్ భాషలు సిస్టమ్‌తో పాటే వచ్చేవి. 1987లో లారీ వాల్ పెర్ల్ భాషను విడుదల చేశాక అసలు చిక్కు మొదలైంది. టెక్స్ట్‌ను కోసి కూర్చడంలో దానికి సాటి లేకపోవడంతో అందరూ వాడారు, అది అంతటా పాతుకుపోయింది. డెబియన్ అనే లినక్స్ పంపిణీలో పెర్ల్-బేస్ నేటికీ తీసివేయరాని ప్యాకేజీ. యూనిక్స్ కుటుంబానికి చెందిన ఫ్రీబీఎస్‌డీ మాత్రం 2002లో పెర్ల్‌ను మూల వ్యవస్థ నుంచి తొలగించి, దాని స్క్రిప్టులను షెల్, ఆక్, సీలలో తిరగరాయించింది. అదే కుటుంబపు ఓపెన్‌బీఎస్‌డీ ఆ దారి పట్టలేదు. దాని ప్యాకేజీ సాధనాలు పెర్ల్‌లోనే ఉన్నాయి.

లినక్స్ కెర్నల్‌లో గొడవ ఒక్క ఫైలు దగ్గర వచ్చింది. గడియారపు టిక్కులను మిల్లీసెకన్లలోకి మార్చే గుణకాలకు చాలా పెద్ద అంకెల లెక్క కావాలి. 2008లో, 2.6.25 వెర్షన్‌లో, ఆ పనిని టైమ్‌కాన్‌స్ట్ అనే పెర్ల్ స్క్రిప్టుకు అప్పగించారు. చిన్న పరికరాల కోసం కనీస సామగ్రితో సిస్టమ్‌లు కట్టే రాబ్ లాండ్లీ దీన్ని వ్యతిరేకించి, పెర్ల్ అక్కర్లేని ప్యాచ్‌లను ఏళ్ల తరబడి పంపారు. 2013లో ఆ ఫైలు బీసీ అనే పాత క్యాలిక్యులేటర్ భాషలోకి మారింది. పెర్ల్ బెడద తగ్గిందనుకుంటే, బీసీ లేని కంప్యూటర్లలో బిల్డ్ ఆగిపోవడం మొదలైంది!

తెలుగు డెస్క్‌టాప్‌దీ ఇదే దారి. తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ లక్ష్యంతో హైదరాబాద్ కేంద్రంగా 2005లో మొదలైన స్వేచ్ఛ ఉద్యమం డెబియన్‌ను పునాదిగా ఎంచుకుంది. అంటే పెర్ల్‌నూ ఎంచుకున్నట్టే. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో స్వచ్ఛంద అనువాదకులు రాసిన ‘అమరికలు’ వంటి మాట మెనూలోకి చేరాలంటే చాలాకాలం ఇంటల్‌టూల్ అనే పెర్ల్ స్క్రిప్టుల మూట నడవాల్సి వచ్చేది. తర్వాత ఆ పనిని గెట్‌టెక్స్ట్ నేరుగా చేపట్టింది. అదే కాలంలో గ్నోమ్ బిల్డ్ వ్యవస్థ మెసన్‌కు మారింది. మెసన్ రాసింది పైథాన్‌లో.

పెర్ల్‌ను కంపైల్ చేయడానికీ ముందే ఓ కంపైలర్, ఓ షెల్ ఉండాలి. ఆ గొలుసును మొదటిదాకా తవ్వి, ప్రతి అంచెనూ మనిషి చదివి సరిచూసుకునేలా చేయాలన్నదే బూట్‌స్ట్రాపబుల్ బిల్డ్స్ ప్రయత్నం. 2023లో గ్నూ గిక్స్ అనే ప్యాకేజీ వ్యవస్థ తన ప్యాకేజీల వృక్షమంతటినీ 357 బైట్ల బీజం నుంచి మొలిపించింది. కానీ ఆ మొలిపించే పనిని నడిపించడానికి ముందే కట్టిపెట్టిన గైల్ భాష ఇంటర్‌ప్రెటర్ కావాల్సి వచ్చింది. దాని బరువు దాదాపు 25 మెగాబైట్లు.