చక్రముల ఎడము: ఒక అంగుళము వెనుకనున్న చరిత్ర

ఎడ్లబండ్లు నడిచిన మట్టిబాటమీద రెండు గాడులు ఏర్పడును. వెనుక వచ్చు బండి కూడ ఆ గాడుల వెంటనే పోవును. దాని చక్రముల ఎడము గాడుల ఎడముతో సరిపోయిన ప్రయాణము సుఖముగా సాగును. సరిపోనిచో ఒక చక్రము గాడిలోను, రెండవది గట్టుమీదను నడచి బండి ఒక ప్రక్కకు ఒరగును. బండి తోలువారందరికి తెలిసిన ఈ చిన్న విషయము మోటారు యుగపు తొలినాళ్ళలో పెద్ద కర్మాగారములకు కూడ సమస్య అయ్యెను.

1908లో అమెరికాలో హెన్రీ ఫోర్డు కంపెనీ ‘మోడల్ టి’ అను కారును విడుదల చేసెను. దాని చక్రముల ఎడము 56 అంగుళములు. కాని ఆ దేశపు దక్షిణ రాష్ట్రములలో గుఱ్ఱపుబండ్లు చేసిన గాడులు అంతకంటె వెడల్పుగా ఉండెడివి. అందువలన అచ్చటివారికొరకు 60 అంగుళముల ఎడముగల కార్లను కూడ ఆ కంపెనీ కొన్ని సంవత్సరములపాటు తయారుచేసి అమ్మెను. తేడా నాలుగు అంగుళములే. అయినను దానికొరకు ఇరుసులను వేరుగా చేయవలసివచ్చెను.

ఒకే ఇరుసున కుడి ఎడమల నున్న టైర్ల నడిమి రేఖల మధ్య దూరమును ఇంజనీర్లు ట్రాక్ అందురు. తెలుగున దానిని చక్రముల ఎడము అనవచ్చును. నేడు ఈ ఎడమును పెంచుటకు ఇరుసు మార్చనక్కరలేని ఒక ఉపాయము అంగళ్ళలో దొరకుచున్నది. అది అల్యూమినియముతోగాని ఉక్కుతోగాని చేసిన గుండ్రని బిళ్ళ. చక్రమును ఊడదీసి, అది కూర్చుండు హబ్బునకును చక్రమునకును నడుమ ఈ బిళ్ళను పెట్టి మరల బిగింతురు. దీని పేరు స్పేసరు. ప్రక్కకు 20 మిల్లీమీటర్ల మందముగల స్పేసరు పెట్టినచో ఎడము 40 మిల్లీమీటర్లు పెరుగును. పని కొద్దిసేపటిలో ముగియును. బండి చూపునకు విశాలముగా, నేలను పట్టుకొని నిలిచినట్లుగా ఉండును. కర్మాగారములు ఇరుసులు మార్చి సాధించిన దానిని ఈ బిళ్ళ నిజముగా సాధించునా? ఆ సంగతి తెలియుటకు ఎడము చేయు మేలేమో ముందు చూడవలెను.

ఎడము వలన లాభము

కారు మలుపు తిరుగునప్పుడు దాని బరువు వెలుపలి చక్రములవైపు మరలును. వేగము మితిమీరినచో లోపలి చక్రములు నేలను విడిచి బండి దొర్లవచ్చును. ఇది రెండు కొలతలపై ఆధారపడియుండును. ఒకటి చక్రముల ఎడము. రెండవది నేలనుండి గరిమనాభి ఎత్తు. ఎడమును గరిమనాభి ఎత్తునకు రెట్టింపుతో భాగించిన వచ్చు సంఖ్య ఎంత పెద్దదైన బండి దొర్లుట అంత కష్టము.

విద్యార్థులు దీనిని సులభముగా పరీక్షింపవచ్చును. 6 సెంటీమీటర్ల ఎత్తు, 3 సెంటీమీటర్ల వెడల్పుగల కొయ్యదిమ్మెను ఒక పలకమీద నిలిపి, జారకుండ దిగువ అంచువద్ద సన్నని పుల్ల నొకదానిని అడ్డముగా అంటించవలెను. పలకను మెల్లగా ఒక ప్రక్క ఎత్తిన సుమారు 27 డిగ్రీల వాలులో దిమ్మె పడిపోవును. వెడల్పు 4 సెంటీమీటర్లయిన దిమ్మె 34 డిగ్రీల వరకు నిలుచును. ఎత్తు మారలేదు, ఎడము మాత్రమే పెరిగినది.

అమెరికా జాతీయ రహదారి రవాణా భద్రతా సంస్థ 2001నాటి నమూనాలనుండి కార్లకు దొర్లు ప్రమాదమును గూర్చిన తరగతులను ఈ సంఖ్య ఆధారముగానే ఇయ్య మొదలిడెను. సాధారణముగా ప్రయాణపు కార్లకు ఈ సంఖ్య 1.3 నుండి 1.5 వరకును, ఎత్తైన జీపువంటి బండ్లకు 1.0 నుండి 1.3 వరకును ఉండును.

పాంటియాక్, జిప్సీ

ఎడమును వ్యాపారమునకు ప్రధాన నినాదముగా చేసినది అమెరికాలోని పాంటియాక్ కంపెనీ. 1956లో ఆ శాఖకు అధిపతియైన సెమన్ నుడ్సెన్ దానిని యువకుల కారుగా మార్చదలచెను. 1959 నమూనాకు వెడల్పైన క్రొత్త శరీరము సిద్ధమయ్యెను. కాని పాత ఎడముతో చక్రములు ఆ శరీరము క్రింద లోపలికి నక్కినట్లు కనబడెను. అందువలన చక్రములను వెలుపలికి జరిపిరి. ఎడము సుమారు 5 అంగుళములు పెరిగి 64 అంగుళముల వరకు వచ్చెను. ‘వైడ్ ట్రాక్’ అను పేరు ప్రకటనలలో మారుమ్రోగెను. అందముకొరకు మొదలైన పని నడకకును మేలు చేసెను. కారు మలుపులలో తక్కువగా ఒరిగెను. 1962 నాటికి పాంటియాక్ అమెరికా అమ్మకములలో మూడవ స్థానమున నిలిచెను.

భారతదేశములో ఇటువంటి మార్పు 1993లో జరిగెను. 1985 చివర వెలువడిన మారుతి జిప్సీ తేలికైన, ఇరుకైన, ఎత్తైన బండి. 1993లో దాని చక్రముల ఎడమును ముందు వెనుకల 90 మిల్లీమీటర్ల చొప్పున పెంచిరి. ముందు ఎడము 1,300, వెనుక ఎడము 1,310 మిల్లీమీటర్లయ్యెను. చక్రములు పాత మడ్‌గార్డుల వెలుపలికి వచ్చినందున వాటిని కప్పుటకు అంచులకు వెడల్పైన రెక్కలను చేర్చిరి. తరువాతి జిప్సీలను దూరమునుండియే గుర్తింపజేయు ఆ రెక్కలు అలంకారము మాత్రమే కావు. టైరు శరీరము వెలుపలికి పొడుచుకొనివచ్చిన అది ఎగజిమ్ము రాళ్ళు, బురద వెనుకవారిమీద పడును.

ఈ రెండు కథలలోను సమానమైన దొకటి కలదు. ఎడమును పెంచినది బండిని రూపొందించినవారే. ఒక కొలత మారినప్పుడు దానితో ముడిపడిన ఇతర కొలతలను కూడ సరిచూచుకొను అవకాశము వారికి ఉండెను. స్పేసరు తొడుగువానికి అట్టి అవకాశము లేదు. అతడు మార్చునది ఒక్క ఎడమును మాత్రమే. కాని దానితో మారునవి మరికొన్ని కలవు. వానిలో మొదటిది స్టీరింగు.

చక్రము తిరుగు కీలు

పూర్వము గుఱ్ఱపు బగ్గీలలో ముందు ఇరుసంతయు నడిమి చీలమీద తిరుగుచుండెను. 19వ శతాబ్దపు తొలినాళ్ళలో మ్యూనిక్ నగరపు బండి నిర్మాత లాంకెన్‌స్పెర్గర్ ఇరుసును కదల్పక రెండు చక్రములను వేరువేరు కీళ్ళమీద త్రిప్పు పద్ధతిని కనిపెట్టెను. 1818లో ఆయన తరఫున లండనులో పేటెంటు పొందిన రుడాల్ఫ్ ఆకర్మన్ పేరే ఆ పద్ధతికి నిలిచెను. నేటి కార్ల స్టీరింగునకు మూలమిదియే.

చక్రము కీలుమీద తిరుగును. ఆ కీలు నడిమి రేఖను క్రిందికి పొడిగించిన అది నేలను ఒక బిందువువద్ద తాకును. టైరు నేలను తాకు చోటి నడిమి మరియొక బిందువు. ఈ రెండింటి నడుమ అడ్డుగా ఉండు దూరము చాల చిన్నది, కాని ముఖ్యమైనది. బ్రేకు వేసినప్పుడు టైరును వెనుకకు లాగు బలము ఈ దూరము మేరకు చక్రమును కీలుచుట్టును త్రిప్పజూచును. కుడి ఎడమల బలములు సమానమైన ఒకదాని నొకటి అణచును. ఒక చక్రము తడిమీదను, ఒకటి పొడిమీదను ఉన్నచో సమానముగా ఉండవు. అప్పుడు స్టీరింగు చేతిలో గుంజుకొనును.

ఈ దూరమును తగ్గించుటకు ఇంజనీర్లు చాలకాలము శ్రమించిరి. 1955నాటి ఫ్రెంచి కారు సిట్రోయెన్ డి.ఎస్.లో దానిని సున్న చేసిరి. 1972నాటి జర్మను కారు ఆడి 80లో మరియొక అడుగు ముందుకు వేసి, టైరు నడిమి బిందువును కీలురేఖకు లోపలివైపు ఉంచిరి. అందువలన ఒక ప్రక్క బ్రేకు ఎక్కువగా పట్టినను చక్రములు వ్యతిరేక దిశలో కొంచెము మరలి కారును తిన్నని దారిలో నిలుపును.

ఇప్పుడు స్పేసరు లెక్క చూడవలెను. ఒక కారు ఎడము 1,400 మిల్లీమీటర్లు, గరిమనాభి ఎత్తు 560 మిల్లీమీటర్లు అనుకొన్న స్థిరత్వ సంఖ్య 1.25. ప్రక్కకు 20 మిల్లీమీటర్ల స్పేసరు పెట్టిన ఎడము 1,440 అగును. సంఖ్య సుమారు 1.29 అగును. లాభము నూటికి మూడు వంతులు. అదే కారులో కీలురేఖకు టైరు నడిమికి గల దూరము మొదట 10 మిల్లీమీటర్లు అనుకొన్న, అది 30 అగును. అనగా స్టీరింగును గుంజు భ్రామకము మూడింతలగును. కీలురేఖకు లోపలివైపు 10 మిల్లీమీటర్ల దూరమున టైరునుంచిన కారైనచో, 20 మిల్లీమీటర్ల బిళ్ళతో అది వెలుపల 10 మిల్లీమీటర్లకు వచ్చును. నిర్మాతలు కూర్చిన రక్షణ తలక్రిందులగును. స్టీరింగు చక్రములకు స్పేసర్లు తొడుగుటలో గల ముఖ్యమైన నష్టమిదియే.

బేరింగులు, నట్లు

రెండవ భారము బేరింగుమీద పడును. చక్రముమీద 300 కిలోగ్రాముల బరువున్నదనుకొనిన, టైరు 2 సెంటీమీటర్లు వెలుపలికి జరిగినందున బేరింగును వంచు భ్రామకమున 600 కిలోగ్రాము-సెంటీమీటర్ల మార్పు వచ్చును. గుంతలో పడినప్పుడు చక్రముమీది బలము పెక్కురెట్లగును. అప్పుడు ఈ భ్రామకము కూడ అట్లే పెరుగును. బేరింగు ఆ దినముననే చెడదు. కాని దాని ఆయువు తగ్గును.

మూడవది నట్ల విషయము. చక్రము స్టడ్డులమీద వ్రేలాడుచున్నదని చాలమంది అనుకొందురు. నిజమునకు నట్లు చక్రమును హబ్బునకు గట్టిగా అదిమిపట్టును. ఆ ఒత్తిడివలన పుట్టిన ఘర్షణయే భారమును మోయును. నడుమ తుప్పో మట్టియో ఉన్నచో, లేక స్పేసరు ముఖము సమతలముగా లేనిచో, కొంతదూరము నడిచిన తరువాత ఒత్తిడి సడలును. స్టడ్డులు వంగి వంగి చివరకు విరుగును.

సన్నని స్పేసరును ఉన్న స్టడ్డులమీదనే తొడుగుదురు. స్టడ్డు మందము 12 మిల్లీమీటర్లు, మర మెట్టు ఒకటిన్నర మిల్లీమీటర్లు, నట్టులోనికి దిగిన మర 15 మిల్లీమీటర్లు అనుకొనుడు. నట్టు పది చుట్లు తిరిగినదని అర్థము. 5 మిల్లీమీటర్ల బిళ్ళ పెట్టిన ఆరున్నర చుట్ల కంటె కొంచెము మాత్రమే ఎక్కువ మిగులును. మర పట్టు 10 మిల్లీమీటర్లకు తగ్గును. మర పట్టు కనీసము స్టడ్డు మందమంతయైనను ఉండవలెనని మెకానిక్కుల వాడుక. కనుక ఇచ్చట పొడుగైన స్టడ్డులు వేయక తప్పదు. మందమైన స్పేసరులు హబ్బునకు తాము బిగింపబడి, చక్రమునకు తమ స్వంత స్టడ్డులను అందించును. వానిలో మరలోపము లేదు. కాని నట్ల వరుసలు రెండగును. లోపలి వరుసను చక్రము విప్పనిదే చూడ వీలుకాదు. నడిమి రంధ్రము హబ్బునకు సరిగా అమరనిచో చక్రము కేంద్రము తప్పి వేగములో అదరును.

స్పేసరునకు తగిన చోట్లు

ఇంతమాత్రమున స్పేసరు పనికిరాని వస్తువని తలపరాదు. పోర్షే కంపెనీయే 1970ల చివరి 911 టర్బో కార్ల వెనుక చక్రములకు పొడుగైన స్టడ్డులతోపాటు స్పేసరులను కర్మాగారములోనే అమర్చెను. పెద్ద బ్రేకునకు చక్రము తగులకుండ చేయుటకు, టైరు లోపలి అంచు సస్పెన్షనుకు రాచుకొనకుండ ఉంచుటకు కొలత తెలిసిన స్పేసరు ఉపయోగపడును. పొలములో ట్రాక్టరు వెనుక చక్రముల పళ్ళెములను తిరగవేసి, సాళ్ళకు తగినట్లు ఎడమును మార్చుట రైతులందరెరిగినదే. ఆ మార్పు నిర్మాతలు ముందుగా ఊహించి ఇచ్చినది. పొలములో నడకయు నెమ్మది. జర్మనీలో స్పేసరులకు ఆ కారునకు సంబంధించిన ఆమోదపత్రము ఉండవలెనను నియమము కలదు. ఏ బండికి, ఎంత మందము, ఏ టైరు అని అందు చెప్పబడియుండును.

కనుక స్పేసరు తొడుగదలచినవారు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. ఆ బండి నిర్మాత దానిని అంగీకరించెనా? హబ్బు రంధ్రము సరిగా అమరునా? నట్టులో మర ఎంత మిగులును? టైరు మడ్‌గార్డు లోపలనే ఉండునా? బిగించిన తరువాత నూరు కిలోమీటర్లలోపల నట్లను తగిన బలముతో మరల పరీక్షించువారెవరు? వీనికి జవాబులున్నచో సన్నని బిళ్ళ తన పని తాను చేయును. కేవలము చూపుకొరకు తొడిగినచో స్థిరత్వములో వచ్చు లాభము నూటికి మూడు వంతులు. అందుకు ప్రతిగా స్టీరింగు, బేరింగు, స్టడ్డులు ప్రతి గుంతలోను, ప్రతి బ్రేకులోను అదనపు భారమును మోయుచుండవలెను.