ఉంగరం సంగతి టోల్కిన్‌కీ ముందు తెలీదు

మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్ళు. రెండేళ్ళుగా నేను రాస్తున్న (అంటే రాసి, కొట్టేసి, మళ్ళీ రాస్తున్న) మంత్రాల కథకి ప్రస్తుతానికి వాడొక్కడే శ్రోత. ప్రతి ఆదివారం ఫోన్లో ఒక భాగం చదివి వినిపిస్తాను. ఆమధ్య ఒకరోజు మధ్యలో ఆపి అడిగాడు. "మామయ్యా, వాడికి ఎక్కడికంటే అక్కడికి మాయమై వెళ్ళిపోయే మంత్రం వచ్చు కదా, మరి అడవిలో మూడ్రోజులు ఎందుకు నడిచాడు?"

నా దగ్గర జవాబు లేదు. తర్వాతి ఆదివారం "హోంవర్క్ ఉంది మామయ్యా" అన్నాడు. వేసవి సెలవుల్లో హోంవర్క్ ఏంటో! వాడికి కథ మీద నమ్మకం పోయిందని అర్థమైపోయింది.

మనది సాఫ్ట్‌వేర్ బుర్ర కదా, వెంటనే ఎక్సెల్ షీటు తెరిచాను. ఒక ట్యాబులో పాత్రలు, ఇంకో ట్యాబులో మంత్రాలు, వాటి పరిమితులు. ముందు డిజైన్ మొత్తం తేల్చుకుని తర్వాత రాద్దామని ప్లాను. రెండు వారాలు గడిచాయి. షీటు పెరిగింది గానీ కథ ఒక్క వాక్యం కూడా కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చాడు టోల్కిన్.

'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' చదివినా, కనీసం సినిమాలు చూసినా ఏమనిపిస్తుంది? భాషలు, వంశవృక్షాలు, మ్యాపులు అన్నీ ముందే సిద్ధం చేసుకుని కూర్చుని రాశాడనిపిస్తుంది. భాషలూ, పాత యుగాల పురాణాలూ నిజంగానే ముందు నుంచీ ఉన్నాయి. ఈ కథ మాత్రం అలా పుట్టలేదు. ఆయన 1973లో పోయాక కొడుకు క్రిస్టఫర్ చిత్తుప్రతులన్నీ సర్ది, 1988 నుంచి పుస్తకాలుగా వేశాడు. అవి చూస్తే మన వర్షన్ హిస్టరీ చూసినట్టే ఉంటుంది.

'హాబిట్' 1937 సెప్టెంబర్లో వచ్చింది. బాగా అమ్ముడుపోయేసరికి పబ్లిషర్ ఇంకోటి రాయమన్నాడు. అదే ఏడాది డిసెంబర్లో మొదలుపెట్టాడు. అప్పటికి ఫ్రోడో లేడు. ఆ స్థానంలో ఉన్నవాడి పేరు బింగో! ఊరి సత్రంలో మూల కూర్చుని పైపు కాల్చే స్ట్రైడర్ గుర్తున్నాడా? చివరికి రాజయ్యే ఆరగార్న్. మొదటి చిత్తులో వాడు చెక్క బూట్లు వేసుకుని తిరిగే ఒక హాబిట్, పేరు ట్రాటర్. వాడెవడో రాస్తున్నాయనకే తెలీదు. రకరకాల ఊహలు రాసుకుని, కొట్టేసి, కొన్నేళ్ళకి గానీ వాడు మనిషనీ, రాజవంశం వాడనీ తేల్చుకోలేకపోయాడు.

ఇంక అసలు సంగతి, ఉంగరం. 1937 పుస్తకంలో అది ఉత్త మాయ ఉంగరం. పెట్టుకుంటే కనపడకుండా పోతారు, అంతే. ఖర్చు లేదు, ప్రమాదం లేదు. పొడుపుకథల పోటీలో ఓడిపోతే దాన్ని బహుమతిగా ఇస్తానని గొల్లమ్ తనంతట తనే పందెం కాస్తాడు. ఓడిపోయి, ఉంగరం కనపడక, బిల్బోకి క్షమాపణ చెప్పి బయటికి దారి చూపిస్తాడు. ఎంత మర్యాదస్తుడో చూశారా!

కొత్త కథ రాస్తూ రాస్తూ ఉండగా ఆ ఉంగరమే సర్వనాశనానికి మూలం అని తేలింది. అది చేతికొచ్చినవాడు వదులుకోలేడు. మరి గొల్లమ్ పందెం ఎలా కాశాడు? పాత రిలీజు అప్పటికే పదేళ్ళుగా జనం చేతుల్లో ఉంది. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటే ఏంటో మనకి చెప్పక్కర్లేదు కదా.

1947లో ఆ అధ్యాయాన్ని తిరగరాసి, ఇలా మారిస్తే ఎలా ఉంటుందని నమూనాగా పబ్లిషర్‌కి పంపాడు. జవాబు లేదు. 1950లో 'హాబిట్' కొత్త ముద్రణ ప్రూఫులు వచ్చాయి. చూస్తే అందులో ఆ నమూనానే ఎక్కించేశారు! రివ్యూకి పంపిన ప్యాచ్ నేరుగా ప్రొడక్షన్‌కి వెళ్ళిపోయిందన్నమాట. ఆయన సరే అనుకున్నాడు. 1951లో రెండో ముద్రణ అలాగే వచ్చింది.

మరి పాత పుస్తకం చదివినవాళ్ళ మాటేమిటి? నాకు బాగా నచ్చింది ఇక్కడే. పాతది పొరపాటని దాచలేదు. అది బిల్బో చెప్పిన అబద్ధం అన్నాడు. అంత నిజాయితీపరుడు ఉంగరం గురించి మాత్రం ఎందుకు అబద్ధమాడాడు? ఉంగరం అప్పటికే వాణ్ణి పట్టుకుంది కాబట్టి. గాండాల్ఫ్‌కి అనుమానం మొదలయ్యేదీ అక్కడే. ఒక్క దెబ్బతో మంత్రానికి ఖరీదు వచ్చింది, బిల్బో పాత్రకి లోతు వచ్చింది.

అన్నట్టు మన 'పాతాళభైరవి' విడుదలైందీ 1951లోనే. ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే భైరవి వాళ్ళ మాటే వింటుంది. ఆ ఒక్క నియమం చాలు, సినిమా అంతా భయంభయంగా చూస్తాం.

నేనూ షీటు మూసేసి నా మొదటి భాగం మళ్ళీ చదివాను. అందులో హీరో ఊరు విడిచి వెళ్తుంటే ఒక్కరూ పలకరించరు. నిజం చెప్పొద్దూ, ఊరి జనాన్ని కల్పించడానికి బద్ధకించాను, అంతే. కానీ ఆ మంత్రం చదివినప్పుడల్లా తెలిసినవాళ్ళలో ఒకరు వాణ్ణి మర్చిపోతారనుకుంటే? వాడు ఇంతకుముందే చాలాసార్లు చదివి, ఆ సంగతి మనకి చెప్పకుండా దాచాడనుకుంటే? అందుకే అడవిలో నడిచాడు.

మొన్న ఆదివారం మేనల్లుడికి ఇదే చెప్పాను. కాసేపు ఫోన్లో చప్పుడు లేదు. తర్వాత మెల్లిగా అడిగాడు. "అయితే వాళ్ళమ్మకి వాడు గుర్తున్నాడా మామయ్యా?"

నాకింకా తెలీదు. వచ్చే ఆదివారంలోగా రాసి తెలుసుకోవాలి.