తవుడులో దాగిన ప్రాణం
బి విటమిన్ల చరిత్రలో మలయా బియ్యం, తెలుగునేల

మలేషియాలో స్థిరపడిన తెలుగువారమైన మేము ఉత్సవాల వేళ మన పూర్వీకుల భాషను, పాటను, కట్టుబొట్టును భక్తితో తలుచుకుంటాము. వారు తిన్న తిండిని గురించి మాత్రం అంతగా ఆలోచించము. నిజానికి అది కూడా వారసత్వమే. ఈనాడు మన పెద్దలకు రక్తపరీక్ష చేయించినప్పుడు వైద్యులు బి 12 అనీ, ఫోలిక్ ఆమ్లమనీ, హోమోసిస్టీన్ అనీ కాగితం మీద రాస్తున్నారు. ఇవి మనకు సంబంధం లేని కొత్త మాటల్లా తోస్తాయి. కాని వీటి చరిత్ర మనం నివసిస్తున్న ఈ దేశపు అన్నం కుండలోంచీ, మన పెద్దలు విడిచి వచ్చిన తెలుగు జిల్లాల్లోంచీ నడిచింది. ఆ కథను మన పిల్లలు తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

పందొమ్మిదవ శతాబ్దం చివరి నాటికి మలయాలో బెరిబెరి అనే వ్యాధి వేలాదిమందిని బలిగొన్నది. మొదట కాళ్లు తిమ్మిరెక్కేవి. తరువాత నడక పట్టు తప్పేది, ఒంటికి నీరు పట్టేది, చివరకు గుండె ఆగిపోయేది. తగరపు గనులలో పనిచేసే చైనా కూలీలు ఎక్కువగా దీని వాత పడ్డారు. తోటలలో పనిచేసే భారతీయులకు ఇది అరుదుగా వచ్చేది. ఒకే గాలి, ఒకే నీరు, ఒకే ఎండ. మరి ఈ తేడా ఎందుకు?

నెగ్రి సెంబిలాన్‌లో ప్రభుత్వ వైద్యుడైన బ్రాడన్ ఈ తేడా బియ్యంలో ఉన్నదని పట్టుకుని 1907లో గ్రంథం ప్రకటించాడు. చైనా కూలీలు సయాం నుంచి వచ్చే తెల్లగా మరపట్టిన పచ్చి బియ్యం తినేవారు. భారతీయ కూలీలలో అధికసంఖ్యాకులైన తమిళులు ఉప్పుడు బియ్యం తినేవారు. అయితే నిలవ ఉన్న తెల్లబియ్యంలో ఏదో విషం పుడుతున్నదని బ్రాడన్ భావించాడు. గుర్తించిన వస్తువు సరైనదే. చెప్పిన కారణం సరైనది కాదు.

కౌలాలంపూర్ మానసిక చికిత్సాలయంలో డాక్టర్ ఫ్లెచర్ 1905లో ఒక పరీక్ష మొదలుపెట్టాడు. రోగులను రెండు భాగాలు చేసి, దాదాపు 120 మందికి తెల్లబియ్యం, అంతే మందికి ఉప్పుడు బియ్యం పెట్టించాడు. తెల్లబియ్యం తిన్నవారిలో 18 మంది బెరిబెరితో మరణించారు. ఉప్పుడు బియ్యం తిన్నవారిలో ఒక్కరూ ఆ వ్యాధితో చనిపోలేదు. తరువాత కౌలాలంపూర్ వైద్య పరిశోధన సంస్థకు చెందిన ఫ్రేజర్, స్టాంటన్ అనే ఇద్దరు జెలెబు ప్రాంతంలో రోడ్డు పనిచేసే 300 మంది జావా కూలీలతో ఇలాగే పరీక్షించారు. తెల్లబియ్యం గుంపులో వ్యాధి కనిపించింది. బియ్యం మార్చితే వ్యాధి కూడా గుంపు మారింది. తెల్లబియ్యంలో విషం లేదనీ, మరలో పోయిన తవుడుతో పాటు శరీరానికి అవసరమైన పదార్థమేదో పోతున్నదనీ వారు తేల్చారు. ధాన్యాన్ని నానబెట్టి ఉడికించి ఆరబెట్టినప్పుడు పైపొరలోని సారం గింజ లోపలికి ఇంకుతుంది. ఆ తరువాత దంచినా, మరపట్టినా అది పూర్తిగా పోదు. ఉప్పుడు బియ్యం రహస్యం ఇదే. ఆ సారానికి తరువాతి కాలంలో బి 1 విటమిన్ అని పేరు వచ్చింది.

ఇక్కడ మనం ఒక సత్యం ఒప్పుకోవాలి. ఉప్పుడు బియ్యం కాపాడినది ప్రధానంగా తమిళ సోదరులను. మన పెద్దలలో అనేకులు బయలుదేరి వచ్చిన ఉత్తర సర్కారు జిల్లాలలో పచ్చి బియ్యం తినడమే ఆచారం. ఇంట్లో రోకలితో దంచుకున్నంత కాలం గింజకు కొంత తవుడు అంటుకునే ఉండేది. బియ్యపు మరలు వచ్చాక అది కూడా పోయింది. మద్రాసు రాజధాని మొత్తంలో బెరిబెరికి పేరుపడినది ఆ తెలుగు తీరమే. కూనూరు పోషకాహార పరిశోధనశాలకు చెందిన అయిక్రాయిడ్, కృష్ణన్ అక్కడి పసిపిల్లల మరణాలను పరిశీలించి 1941లో ప్రకటించారు. తల్లి తిండిలో లోపం పాల ద్వారా బిడ్డకు చేరి, నెలల పసికందులను తీసుకుపోతున్నదని వారు చూపారు. ఆ కూనూరు పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా పేరు పొందింది.

బి 1 విటమిన్‌ను 1936లో కృత్రిమంగా తయారుచేసినవాడు రాబర్ట్ విలియమ్స్ అనే అమెరికన్. ఆయన 1886లో పుట్టింది మన నెల్లూరులో. తల్లిదండ్రులు క్రైస్తవ మిషనరీలు. 1910 ప్రాంతంలో మనీలాలో ఉద్యోగం చేస్తూ తవుడు సారంతో బెరిబెరి పసిపిల్లలు కోలుకోవడం కళ్లారా చూశాడు. ఆ సారంలో ఏమున్నదో కనుగొనడానికి పాతికేళ్లు శ్రమించాడు. ఆయన తమ్ముడు రోజర్ విలియమ్స్ ఉదకమండలంలో పుట్టాడు. రోజర్, ఆయన సహచరులు 1941లో నాలుగు టన్నుల పాలకూర నుంచి మరో బి విటమిన్‌ను వేరుచేసి, లాటిన్ భాషలో ఆకు అనే అర్థం వచ్చే మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టారు.

ఆ ఫోలిక్ ఆమ్లపు ఉనికిని అంతకు ముందే పసిగట్టినది లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు. ఆమె 1928లో బొంబాయి చేరి, పేద గర్భిణీ స్త్రీలలో ప్రాణాంతకమైన రక్తహీనతను పరిశీలించింది. ఈస్టుతో చేసే చవకైన మార్మైట్ ఇస్తే వారు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. అదే మార్మైట్ నేడు మలేషియాలో ప్రతి దుకాణంలోనూ దొరుకుతున్నది.

ఆ విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసి లోకానికి అందించిన బృందానికి నాయకుడు మన తెలుగువాడు, యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. స్ప్రూ అనే గ్రహణి వ్యాధి ఆయన ఇద్దరు అన్నదమ్ములను కొద్ది రోజుల తేడాతో తీసుకుపోయింది. ఆయనకు కూడా ఆ వ్యాధి సోకి ప్రాణాల మీదికి తెచ్చింది. అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో కృషిచేసి, 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సిద్ధంచేసింది. స్ప్రూ రోగులకు దానితో మేలు జరిగింది. అన్నదమ్ములను మింగిన వ్యాధికి మందు ఆయన చేతి మీదుగానే వచ్చింది. సుబ్బారావు గారు 1948లో 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ ఏడే బి 12 విటమిన్‌ను కూడా వేరుచేశారు.

ఇక హోమోసిస్టీన్ మాట. ఇది మనం తినే మాంసకృత్తుల నుంచి శరీరంలో పుట్టే పదార్థం. 1932లో డూ విన్యో అనే రసాయన శాస్త్రవేత్త దీనిని కనుగొన్నాడు. దీనిని తిరిగి ఉపయోగంలోకి తేవడానికి ఫోలిక్ ఆమ్లం, బి 12 కావాలి. మరోదారిన పంపించడానికి బి 6 కావాలి. ఈ మూడింటిలో ఏది కొరవడినా హోమోసిస్టీన్ రక్తంలో పేరుకుంటుంది. 1969లో బోస్టన్‌లో కిల్మర్ మెకల్లీ అనే వైద్యుడు ఇద్దరు పిల్లల మరణాలను పోల్చి చూశాడు. వారి పుట్టు లోపాలు వేరువేరు. ఇద్దరిలోనూ హోమోసిస్టీన్ ఎక్కువ. ఇద్దరి రక్తనాళాలూ వృద్ధుల నాళాల వలె గట్టిపడి ఉన్నాయి. హోమోసిస్టీనే నాళాలను పాడుచేస్తుందని ఆయన చెప్పిన మాటను చాలా ఏళ్లు ఎవరూ లక్ష్యపెట్టలేదు. 1990ల నుంచి లోకమంతా అదే మాట ఎత్తుకున్నది.

అయితే బి విటమిన్ బిళ్లలు గుండెజబ్బును ఆపుతాయా? 2006లో వెలువడిన రెండు పెద్ద పరీక్షలలో బిళ్లల వల్ల హోమోసిస్టీన్ తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదు. పక్షవాతం విషయంలో మాత్రం కొంత ఆశ మిగిలింది. 2015లో చైనాలో 20,000 మందికి పైగా రక్తపోటు రోగులపై జరిగిన పరీక్షలో, రక్తపోటు మందుతో పాటు ఫోలిక్ ఆమ్లం తీసుకున్నవారిలో 2.7 శాతానికి, రక్తపోటు మందు మాత్రమే తీసుకున్నవారిలో 3.4 శాతానికి పక్షవాతం వచ్చింది. కనుక హోమోసిస్టీన్ ఎక్కువగా ఉండటం విటమిన్ల లోపాన్ని తెలిపే సూచన కావచ్చు. బిళ్ల మింగితే గుండెకు భయం లేదనుకోవడం మాత్రం పొరపాటు.

సందేహం లేని మేలు మరొకచోట ఉన్నది. గర్భం ధరించడానికి ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే, బిడ్డకు వెన్నుపాము, మెదడు లోపాలు చాలావరకు తప్పుతాయని 1991లో బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి పరీక్ష నిరూపించింది. అంతకు ముందు అటువంటి బిడ్డను కన్న తల్లులలో ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. రోజుకు 400 మైక్రోగ్రాముల చొప్పున మామూలుగా సూచిస్తారు. పెళ్లయిన మన ఆడపిల్లలకు ఈ మాట ముందుగా చెప్పడం పెద్దల బాధ్యత.

అలాగే శాకాహార నియమం పాటించే మన పెద్దలు ఒక సంగతి గమనించాలి. బి 12 మొక్కలలో ఉండదు. పాలు, గుడ్లు, చేపలు, మాంసములో ఉంటుంది. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలోనూ ఇది తగ్గవచ్చు. అరికాళ్ల తిమ్మిరి, నడకలో తూలడం, మతిమరుపు కనిపిస్తే వయసు అని ఊరుకోకుండా పరీక్ష చేయించాలి. బి 12 లోపం ఉన్నవారు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే రక్తహీనత సర్దుకుంటుంది గాని, నరాల నష్టం లోలోపల సాగుతూనే ఉంటుంది. కనుక వైద్యుని సలహా లేకుండా బిళ్లలు కొనరాదు.

నూరేళ్ల కిందట తెల్లబియ్యం గొప్పకు గుర్తు, తవుడు పశువుల దాణా. ఆ గొప్ప ఖరీదు ఎన్ని ప్రాణాలో ఈ దేశపు చరిత్రే చెప్పింది. నేడు మన విందులలో అన్నం మల్లెపువ్వులా ఉంటుంది. తోటకూర, మునగాకు, పప్పు ఒక మూలకు పోతున్నాయి. మన పెద్దలు లయన్ల వెనుక నాలుగు అడుగుల నేల దొరికితే ఆకుకూర విత్తేవారు. ఆ అలవాటును మన పిల్లలకు అందిద్దాం. భీమవరపు బిడ్డ సుబ్బారావు గారి పేరు చెప్పి, ఆ ఆకు విలువ కూడా చెబుదాం.