అంపశయ్య మీది మౌనం

మహాభారతంలో భీష్ముడు అంపశయ్యపై పడుకొని మాట్లాడినంతగా మరెవ్వరూ మాట్లాడలేదు. శాంతి, ఆనుశాసనిక పర్వాలు రెండూ చాలవరకు ఆయన వాక్ప్రవాహమే. 2022లో జిల్లాలు మారేవరకు నెల్లూరు జిల్లాలోనే ఉండిన మా శ్రీహరికోట వాళ్ళం తిక్కనగారిని మావాడనే అనుకుంటాం కనుక, ఆ పేరు వినగానే మాకు తోచేది ఆ వాగ్ధాటే. అటువంటి పేరును, నోరు పెగలని ఒక విద్యార్థి కథకు పెట్టారు నవీన్ గారు. ఇందులోని వ్యంగ్యం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

నవీన్ అసలు పేరు దొంగరి మల్లయ్య. వరంగల్లు ప్రాంతపు వావిలాల గ్రామంలో 1941లో జన్మించి, ఉస్మానియాలో అర్థశాస్త్రం చదివారు. 'అంపశయ్య' 1969లో వెలువడింది. పల్లెనుంచి వచ్చిన రవి అనే పేద విద్యార్థి ఉస్మానియా ఆవరణలో గడిపిన ఒక్క రోజు, సుమారు పదహారు గంటలు, ఇందులోని కథాకాలం. జాయిస్ 'యులిసీస్' (1922)లో డబ్లిన్ నగరపు ఒక్క దినాన్ని పట్టిన చైతన్యస్రవంతి పద్ధతే ఇదీ. అయితే దీనిని అనుకరణ అని తోసివేసే విమర్శతో నేను ఏకీభవించను. రవికి ఆ శిల్పం అవసరం. పైకి అనలేని మాట లోపలనే తిరుగుతుంది. అందుకే నవల అంతా లోపలనే నడుస్తుంది.

ఈ మౌనానికి సిగ్గు ఒక్కటే కారణమా? ఆ విశ్వవిద్యాలయ చరిత్ర చూడండి. 1918లో ప్రారంభమైనప్పుడు ఉస్మానియా ఉర్దూ మాధ్యమంలో బోధించింది. దేశభాషలో ఉన్నత విద్య నేర్పిన తొలి భారతీయ విశ్వవిద్యాలయమని దానికి ప్రతిష్ఠ. కాని ఆ దేశభాష తెలంగాణ పల్లెలోని తెలుగు పిల్లవానికి ఇంటి భాష కాదు. 1948 తరువాత ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది. అదీ ఇంటి భాష కాదు. అంటే రెండు తరాల పిల్లలు పరాయి పలుకులోనే పాఠం విన్నారు. దీనికితోడు 1956 తరువాత కోస్తా తెలుగు పత్రికలలో, పుస్తకాలలో ప్రమాణమై కూర్చున్నది. తన తెలుగు కూడ తక్కువదేమోనన్న శంక కలిగినవాడు ఏ భాషలో నోరు తెరుస్తాడు?

ఇంతకు నలుబది అయిదేండ్ల ముందే మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టరు పార్వతీశం' మొదటి భాగం (1924) వచ్చింది. మొగల్తూరు పిల్లవాడు బారిష్టరు చదువుకని సీమకు బయలుదేరి, దారిపొడుగునా మాట తెలియక, మర్యాద తెలియక తికమకపడతాడు. మొక్కపాటివారు తామూ ఎడింబరోలో చదివినవారే. పార్వతీశం తన అవస్థలను తానే చెప్పుకొని మనలను నవ్విస్తాడు. అది పరదేశం, తెలియకపోవడం అక్కడ తప్పు కాదు. రవి ఉన్నది స్వదేశంలో, తనవారి మధ్యలో. అందుకే అతనికి నవ్వు రాదు.

ఇక మా వైపు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడకముందు, పై చదువంటే మా పిల్లలకు సూళ్ళూరుపేటలో మద్రాసు రైలెక్కడమే. 'అంపశయ్య' వెలువడిన 1969లోనే ఈ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. నానాభాషలవారు ఇక్కడికి వచ్చారు. పులికాటు ఒడ్డున "అబ్బయా" అని పిలుచుకొనే పిల్లలకు ఇంగ్లీషు చెవిన పడింది గాని నాలుకకు ఎక్కలేదు. నా దగ్గర చదివి తిరుపతిలో చేరినవారు మొదటి సంవత్సరం వ్రాసే ఉత్తరాలలో హాస్టలు సాంబారు గురించి ఒక పుట ఉండేది. తరగతి గురించి ఒక్క వాక్యం. "పాఠం బాగానే ఉంది సార్" అని. ఆ 'బాగానే'కు అర్థమేమిటో నాకు తెలుసు.

కళాశాల చదువుకు తెలుగు పుస్తకాలు సిద్ధం చేయడానికి తెలుగు అకాడమి 1968లో ఏర్పడింది. రవి తరానికి ఆ పుస్తకాలు అందలేదు.

నవీన్ గారికి 2004లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారం 'కాలరేఖలు' నవలకు వచ్చింది. లోకం మాత్రం ఆయనను 'అంపశయ్య నవీన్' అనే పిలిచింది. రవి తరువాతి జీవితం 'ముళ్ళపొదలు', 'అంతస్స్రవంతి' నవలలలో ఉంది. కొత్తగా చదివేవారు 'అంపశయ్య'తోనే మొదలుపెట్టండి. తొలి పుటలలో ఆలోచనలు ఒకదానిమీద ఒకటి పడి తికమక పెడతాయి. వెనుకకు తిరగక ముందుకు సాగండి, రవి గొంతు దానంతటదే పట్టుబడుతుంది.